రంగు పోయింది, నంబరు పోయింది, గేర్‌బాక్సు మిగిలింది

సైన్యం వదిలేసిన లారీని మామూలు పౌరుడు కొనుక్కున్నాక అందులో సైన్యానిదంటూ ఏమి మిగులుతుందన్న ప్రశ్నకు మన చట్టం దాచకుండానే జవాబు చెబుతుంది: కంటికి కనిపించేదేదీ మిగలకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. పైకి గురిపెట్టిన బాణం గుర్తుండే సైనిక నంబరు 1988 మోటారు వాహనాల చట్టం 60వ సెక్షన్ కింద కేంద్రం నియమించిన అధికారి ఇచ్చేది కాబట్టి, బండి రక్షణ శాఖ చెయ్యి దాటగానే దానికి కాలం చెల్లుతుంది. ఈ రెండూ తీసేశాక మా ఇంటి ముందున్న నిస్సాన్ వన్ టన్ లారీ బూడిద రంగులో, పసుపు నంబరు ప్లేటుతో, సిమెంటు బస్తాలు దింపి వచ్చిన పాత బండిలాగే ఉంటుంది. విశాఖ శివార్లలో మధురవాడలోనో కొమ్మాదిలోనో టీ దుకాణం దగ్గర ఆపినప్పుడు ఇది నిజంగా మిలిటరీ బండేనా అని అడిగేవాళ్లు తప్పకుండా ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు చూపించడానికి నా దగ్గర గుర్తులేవీ లేవు. కుతూహలం మరీ ఎక్కువున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని కాస్త దూరం తీసుకెళ్లి, టాప్ నుంచి మూడో గేరుకు ఒక్కసారి దించి వినిపిస్తాను. బండి పుట్టుపూర్వోత్తరాలు అక్కడ తెలిసిపోతాయి.

అందుకే నేను ఒక మాట మీద నిలబడి ఉన్నాను. ఇలాంటి లారీని ఉంచుకునేవాడు దాని గేర్‌బాక్సునూ, దానికి జతపడిన పెట్రోలు ఇంజనునూ ఫ్యాక్టరీ బిగించినట్టే ఉంచాలి. ఉంచి షెడ్డులో పెట్టడం కాదు, నడపాలి. విశాఖలో నాకు తెలిసిన బండ్ల పిచ్చి ఉన్న మిత్రుల్లో నాతో ఏకీభవించేవాళ్లు తక్కువ. పాత ఇంజను తీసి డీజిల్ ఇంజను పెట్టించు, దానితో వచ్చే ఐదు గేర్ల పెట్టె పెట్టించు, పవర్ స్టీరింగ్ పెట్టించు, అప్పుడు హాయిగా అరకు వెళ్లి రావచ్చు అన్నది వాళ్ల సలహా. ఆ సలహాలో పస లేదని నేను అనను. కానీ దాన్ని పాటించిన తర్వాత మిగిలేది పాత లారీ క్యాబిను తొడుక్కున్న కొత్త బండి మాత్రమేనని నా అభిప్రాయం.

ఈ లారీ ఎక్కడిదో కొంచెం చెప్పాలి. మన సైన్యానికి లారీల తయారీ జబల్‌పూర్‌లో మొదలైంది. 1959లో అక్కడి గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ జర్మనీకి చెందిన ఎంఏఎన్ కంపెనీ లైసెన్సుతో శక్తిమాన్ లారీని బయటికి తెచ్చింది. 1969లో ఏర్పడిన వెహికిల్ ఫ్యాక్టరీ ఆ పనిని అందుకుని, జపాన్ నిస్సాన్ లైసెన్సు మీద వన్ టన్ లారీలనూ, జోంగా అనే జీపులనూ దశాబ్దాల తరబడి తయారుచేసింది. శక్తిమాన్, జోంగా రెండింటి తయారీ 1990లలోనే ఆగిపోయింది. లారీల స్థానంలో అశోక్ లేలాండ్ స్టాలియన్లు, టాటా ఎల్‌పీటీఏలు వచ్చాయి. వన్ టన్ పేరులోనే దాని పని ఉంది: దారి లేని చోట కూడా నాలుగు చక్రాల మీదా లాగుతూ ఒక టన్ను సరుకునో పదిమంది జవాన్లనో చేరవేయడం. ఇంజను ఆరు సిలిండర్లది, 3956 సీసీ, పెట్రోలుది; జోంగాలో ఉన్నదీ ఇదే. దాదాపు నాలుగు లీటర్ల ఇంజను కాబట్టి తాగుడు గురించి ఎవరికీ భ్రమలు అక్కర్లేదు. నా చేతిలో అది లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఇస్తే గొప్ప.

సైన్యం కాలం తీరిన బండ్లను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఆన్‌లైన్ వేలంలో ఉన్నవి ఉన్నట్టుగా అమ్ముతుంది. నేను నేరుగా పాట పాడలేదు. లాటుగా పాడుకున్న ఒక వ్యాపారి దగ్గర కాగితాలు సవ్యంగా ఉన్నదాన్ని ఏరుకున్నాను. కొనాలనుకునేవాళ్లకు చెప్పదగిన మాట ఒకటే: సైన్యం విడుదల పత్రాలు లేని బండి ఎంత చవకగా వచ్చినా, ఎంత బాగా స్టార్టయినా, తుక్కు కిందే లెక్క. నడపడానికి హెవీ లైసెన్సు కావాలేమోనని చాలామంది భయపడతారు. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వన్ టన్ ఆ హద్దుకు చాలా లోపలే ఉంటుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఈ బండి నడపడం వచ్చినట్టు కాదనేది వేరే సంగతి.

ఎందుకు రాదో చెప్పాలంటే గేర్‌బాక్సు లోపలికి వెళ్లాలి. ఇవాళ్టి కారులో క్లచ్ తొక్కి లివరు లాగగానే గేరు పడుతుంది, ఎందుకంటే పళ్లచక్రం, షాఫ్టు వేర్వేరు వేగాలతో తిరుగుతున్నప్పుడు ఆ రెండింటినీ రాపిడితో ఒకే వేగానికి తెచ్చే ఇత్తడి రింగులు లోపల ఉంటాయి. సింక్రోమెష్ అంటే అదే. నా లారీలో మొదటి గేరుకు అది పుట్టుకతోనే లేదు. పై గేర్లకు ఉన్న రింగులు సైన్యం వాడకంలోనే అరిగి నునుపు తేలాయి. అంటే ఆ రింగులు చేయవలసిన పనిని డ్రైవరు తన కాళ్లతో, చెవులతో చేయాలి. మూడో గేరులో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నప్పుడు ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతోందనుకుందాం. అదే వేగంలో రెండో గేరు పడాలంటే అది 2400, 2500 చుట్ల దాకా తిరగాలి. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికే. అసలు విషయం ఆ తేడా. క్లచ్ తొక్కి మూడో గేరు విప్పి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదలాలి, వదిలినప్పుడే ఇంజనుకూ గేర్‌బాక్సు లోపలి షాఫ్టుకూ మళ్లీ సంబంధం కుదురుతుంది కాబట్టి ఆ క్షణంలో రేస్ ఇచ్చి షాఫ్టును కావలసిన వేగానికి లేపాలి, మళ్లీ క్లచ్ తొక్కి రెండో గేరు వేయాలి. లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టడం అనేది దీన్నే. పై గేరుకు వెళ్లేటప్పుడు రేస్ ఇవ్వనక్కర్లేదు, న్యూట్రల్‌లో కాసేపు ఓపిక పడితే షాఫ్టు తనంతట తానే నెమ్మదిస్తుంది. ఓపిక పట్టడం రేస్ ఇవ్వడం కన్నా కష్టమని కొత్తవాళ్లందరికీ మొదటి రోజే తెలిసిపోతుంది.

నాకు ఇది నేర్పినాయన శ్రీకాకుళం జిల్లా నుంచి ఆర్మీలో చేరి, ఆర్మీ సర్వీస్ కోర్‌లో ఏళ్ల తరబడి లారీలు నడిపి, హవల్దారుగా రిటైరై పెందుర్తి వైపు ఇల్లు కట్టుకున్న పెద్దాయన. బాబాయి అని పిలుస్తాను. ఆయన బోధనలో సిద్ధాంతం ఏమీ ఉండదు. పక్క సీట్లో కూర్చుని, తన భుజం మీది తువ్వాలు తీసి మీటర్ల మీద కప్పేశాడు. స్పీడో మీటరు ఎలాగూ పనిచేయదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, అయినా కప్పాడు. గేరు రాడ్డును నేను గుప్పిట బిగించి పట్టుకుంటే నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, చూపుడు వేలూ మధ్యవేలూ మాత్రమే గుండు మీద ఉంచాడు. సబ్బవరం రోడ్డు మీద, ఉదయం ఎండ పూర్తిగా ఎక్కకముందే, నేను రెండో గేరుకు దింపబోతే లోపల పళ్లు కరకరలాడాయి. ఆయన నా వైపు చూడలేదు, రోడ్డు వైపే చూస్తూ అన్నాడు: “బాబూ, గేరు నీకేటీ బాకీ లేదు. అడిగితే ఇస్తాది, లాక్కుంటే ఇవ్వదు.” తర్వాత ఆయనే స్టీరింగ్ దగ్గరికి మారి అదే చోట అదే గేరు వేశాడు. లివరు ఆ రెండు వేళ్ల కింద తనంతట తానే జారిపోయినట్టు కనిపించింది, చప్పుడు రాలేదు, ఇంజను స్వరం మాత్రం ఒక మెట్టు పైకి లేచి అక్కడే నిలిచింది. లాగవలసిన బలం చేతిలో లేదని, వినవలసిన స్వరం ఇంజనులో ఉందని నాకు అర్థమైనది ఆ స్వరంతోనే.

విశాఖ రోడ్లు ఈ నేర్పును ఊరికే ఉండనివ్వవు. బల్లపరుపుగా ఉండే ఊళ్లో అయితే ఒకసారి టాప్‌లో వేసి మరచిపోవచ్చు. మన ఊరు కొండల మధ్య, కొండల మీద పెరిగిన ఊరు. హనుమంతవాక నుంచి ఎండాడ వైపు ఎక్కుడు మొదలవగానే బండి బరువు తెలుస్తుంది, ఎక్కడ మూడోకి దించాలో రోడ్డే చెబుతుంది. ఆలస్యం చేస్తే మూడో గేరుకు కావలసిన వేగం కూడా జారిపోయి రెండోది వెతుక్కోవలసి వస్తుంది. రుషికొండ దాటి భీమిలి వైపు బీచ్ రోడ్డులో వరసగా వచ్చే ఎత్తుపల్లాలు కారులో కూర్చున్నవాడికి సముద్రం కనిపించే చోట్లు, అంతే. లారీలో కూర్చున్నవాడికి ప్రతి ఎత్తూ ముందుగా తీసుకోవలసిన ఒక నిర్ణయం. ఎన్ఏడీ కొత్తరోడ్డు, గాజువాక లాంటి చోట్ల సాయంత్రం పూట ఈ బండి తేవడం మాత్రం తనకూ శిక్షే, ఊరికీ శిక్షే. నేను తేను. ఆదివారం తెల్లవారుజామునో, పండగ సెలవు ఉదయమో దానికి తగిన సమయం.

ఇప్పుడు డీజిల్ వాదానికి వస్తాను. మిత్రులు చెప్పే మొదటి కారణం ఖర్చు. లీటరు వంద దాటిన పెట్రోలుతో నాలుగు కిలోమీటర్లు వెళ్లడం తెలివైన పని కాదని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ బండి నాకు రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేది కాదు, కిరాయికి తిరిగేది కాదు. ఏడాది మొత్తం తాగే పెట్రోలు కన్నా డీజిల్ ఇంజను, అది కూర్చోవడానికి కొత్త మౌంటింగులు, క్లచ్ హౌసింగుకు అడాప్టరు, పొడవు తగ్గించిన ప్రొపెల్లర్ షాఫ్టు, వీటి మజూరీ, అన్నీ కలిపి ఎక్కువే తేలతాయి. ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టే ఖర్చు ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో లెక్క వేసి చూపించమంటే ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

రెండో కారణం చట్టానికి సంబంధించినది, ఇందులో వాళ్ల వాదం మరీ బలహీనం. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను మరింత గట్టిగా చెప్పింది. అందరూ మార్చుకుని తిరుగుతున్నారు కదా అంటారు. తిరుగుతున్నారు, నిజమే. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరుకూ బండిలో ఉన్న ఇంజను నంబరుకూ పొంతన వెతుకుతుంది.

మూడో కారణం, డీజిల్ అయితే హాయిగా అరకు వెళ్లి రావచ్చన్నది. దీని మీద నాకు చెప్పవలసింది ఎక్కువ ఉంది, ఎందుకంటే అది ఘాట్ రోడ్డు మీద నేను ఒంటితో తెలుసుకున్న విషయం. డీజిల్ ఇంజనులో సాధారణంగా గాలిని అడ్డుకునే థ్రాటిల్ రేకు ఉండదు. పెట్రోలు ఇంజనులో ఉంటుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే అది మూసుకుని, ఇంజను గాలి కోసం గింజుకుంటూ చక్రాలను వెనక్కి పట్టి ఉంచుతుంది. పెద్ద డీజిల్ లారీలకు ప్రత్యేకంగా ఎగ్జాస్ట్ బ్రేకు బిగించేది ఈ లోటు తీర్చడానికే. అనంతగిరి ఘాటీ దిగేటప్పుడు నా నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను రెండో గేరులో ఉంటే బ్రేకు మీద కాలు పెట్టే అవసరం మలుపుల దగ్గర తప్ప రాదు. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అని లారీ డ్రైవర్లు తరతరాలుగా చెప్పే నియమం ఇక్కడ అక్షరాలా నిజం.

ఒక చలికాలం ఉదయం అరకు నుంచి తిరిగి వస్తున్నాను. అనంతగిరి దాటాక కాఫీ తోటల మధ్య మంచు ఇంకా విడలేదు, రోడ్డు తడిగా ఉంది, ఎదురుగా ఎక్కి వస్తున్న టూరిస్టు బస్సుల లైట్లు మలుపు తిరిగేదాకా కనిపించవు. దిగుడు మొదలయ్యే చోట బండి దాదాపు ఆపి, రెండో గేరు వేసి, అది పూర్తిగా కూర్చుందని లివరును ఒకసారి కదిలించి చూసుకుని వదిలాను. ఇంజను స్వరం పైకి లేచి ఒక గట్టి మూలుగు దగ్గర స్థిరపడింది. కాళ్ల కింద రేకు వణుకుతోంది, కమాన్ కట్టలు ప్రతి గతుకునూ లెక్క చెబుతున్నాయి, స్టీరింగ్ తిప్పడానికి భుజాలు రెండూ కావలసి వస్తున్నాయి. అయినా బండి మాత్రం పరుగెత్తాలన్న ఉద్దేశం లేనట్టు దిగుతోంది. వెనక కార్లు హారన్లు కొడితే వెడల్పు ఉన్న చోట పక్కకు తీసి పోనిచ్చాను. వాటి బ్రేకు లైట్లు ప్రతి మలుపులోనూ వెలుగుతూనే ఉన్నాయి, లైనింగు మాడిన వాసన మంచులో కలిసి క్యాబినులోకి వస్తోంది. టైడా దగ్గర టీకి ఆగి, అలవాటు ప్రకారం నాలుగు డ్రమ్ముల దగ్గరా వెనుచెయ్యి ఆనించి చూశాను. ముందువి రెండూ గోరువెచ్చగా ఉన్నాయి, వెనకవి అంత కూడా లేవు. వేగం అదుపు చేసింది బ్రేకు కాదు, గేరు. డీజిల్ పెట్టించుకున్న మిత్రుడు అదే ఘాటీలో దిగినప్పుడు ఏ డ్రమ్ము మీదా చెయ్యి పెట్టలేకపోయాడు. ఇది ఆయన నోటితో చెప్పిన మాటే.

అయితే ఈ విషయంలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది, దాన్ని అడిగింది మిత్రుడు కాదు, మా ఆవిడ. దిగుడులో గేరు మార్చబోయి అది పడక బండి న్యూట్రల్‌లో ఉండిపోతే, నీ చరిత్ర మీద ప్రేమకు ఎదురుగా వచ్చే స్కూటరువాడు ఎందుకు మూల్యం చెల్లించాలి? దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. దిగుడులో గేరు మార్చనన్నదే నా నియమం. మార్చవలసింది దిగుడుకు ముందే, బండి ఆగినంత నెమ్మదిగా ఉన్నప్పుడే మారుస్తాను. బండి తాళం ఎవరికీ ఇవ్వను, ఎంత దగ్గరివాడైనా. వర్షం గట్టిగా పడుతుంటే తీయను. ఇవి నన్ను నేను కట్టుకున్న కట్టుబాట్లు, సమాధానాలు కావు. నియమం తప్పే మనిషి చేతిలో ఈ గేర్‌బాక్సు ప్రమాదకరమన్నది నిజమే. అందుకే నడపలేనివాడు కొనకూడదని నేను అనడంలో అహంకారం కన్నా భయం పాలు ఎక్కువ.

ఆ ప్రశ్న వల్లనే మార్పుల విషయంలో నాకు ఒక హద్దు ఏర్పడింది. ఎదుటివాడి ప్రాణానికి సంబంధించినవన్నీ మార్చాను: బ్రేకు గొట్టాలు, సిలిండర్ల రబ్బర్లు, టైర్లు, వెనక నుంచి స్పష్టంగా కనిపించే ఇండికేటర్లు, వెడల్పు అద్దాలు, అంచుల వెంట మెరిసే స్టిక్కర్లు. సీటు బెల్టులు ఫ్యాక్టరీ ఇవ్వకపోయినా పెట్టించాను. నా సుఖానికి సంబంధించినవి మార్చలేదు. స్టీరింగ్ బరువు నాది, వేడి నాది, చప్పుడు నాది, వాటిని భరిస్తాను. పవర్ స్టీరింగ్ ఉంటే ఎదుటివాడికీ క్షేమమే కదా అంటారు. గంటకు 40 దాటని బండికి, చక్రాలు కదులుతుండగా, బలమైన చేతులుంటే చాలునని నా అనుభవం. వయసు మీద పడ్డాక ఈ మాట మారవచ్చు, అప్పుడు బండే చేతులు మారుతుంది.

పొగ గురించి కూడా మాట్లాడాలి, లేకపోతే వాదం ఏకపక్షం అవుతుంది. కార్బురేటర్ ఇంజను ఇవాళ్టి ప్రమాణాలతో చూస్తే మురికిదే. ఫ్యాక్టరీల పొగతో, రేవు బొగ్గు దుమ్ముతో ఇప్పటికే దగ్గుతున్న ఈ ఊళ్లో నా లారీ చేర్చేది ఎంత కొంచెమైనా చేర్చేదే. డెల్కో పాయింట్లు, చోక్, జెట్లు సరిగ్గా ఉంచుకుని, తక్కువగా నడపడం తప్ప దీనికి నేను చేయగలిగింది లేదు. ఈ మధ్య బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇంకో తలనొప్పి. పాతకాలపు రబ్బరు గొట్టాలనూ పంపు డయాఫ్రమ్‌నూ అది ఉబ్బించి పగలగొడుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సముద్రపు ఒడ్డున, నెలల తరబడి నిలబడి ఉండే బండి ట్యాంకులో నీళ్లు అడుగున చేరతాయి. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు వేయించాను, ట్యాంకు నిండుగా ఉంచుతాను, అన్నిటికన్నా ముఖ్యంగా పది, పదిహేను రోజులకొకసారి తప్పనిసరిగా తిప్పుతాను. చూశారా, పెట్రోలు కూడా నా పక్షానే మాట్లాడుతోంది: నిలబెట్టిన బండి చెడిపోతుంది.

నిలబెట్టడం మీద మన ఊరికి కొంత ప్రేమ ఎక్కువ. బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సెలవు తీసుకుని, మరుసటి ఏడాది మ్యూజియమైంది. దానికి ఎదురుగానే 2017 డిసెంబరు నుంచి టీయూ-142 విమానం ఉంది. రెండూ నాకు ఇష్టమే, చుట్టాలు వస్తే మొదట తీసుకెళ్లేది అక్కడికే. జలాంతర్గామిని మళ్లీ నీటిలో ముంచడం, అంత విమానాన్ని మళ్లీ ఎగరేయడం ఏ ఊరి వల్లా కాదు కాబట్టి వాటిని నిలబెట్టి చూపించడమే వాటికి దక్కిన గౌరవం. లారీకి ఆ అడ్డంకి లేదు. ఒక మనిషి, కొన్ని పానాలు, కాస్త గేర్ ఆయిల్ ఉంటే అది తన పని తాను చేస్తుంది. రిసార్టుల ముందు పూలకుండీల మధ్య, టైర్లలో గాలి దిగిపోయి, ఆ నిషేధించిన ఆకుపచ్చనే మళ్లీ పూసుకుని ఫోటోల కోసం నిలబడ్డ జోంగాలను చూసినప్పుడు నాకు కలిగేది జాలి కాదు, చిరాకు. వాటి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుందని ఎవరైనా మెకానిక్ చూడకుండానే చెబుతాడు.

ప్రభుత్వం పాత బండ్లను కాపాడటం లేదా అంటే కాపాడుతోంది, కాని లారీలను కాదు. 2021లో వచ్చిన 81ఏ మొదలైన నిబంధనలు 50 ఏళ్లు దాటిన, మౌలికంగా మార్పులు చేయని బండ్లకు వింటేజ్ హోదా ఇచ్చి, వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తున్నాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. చదవగానే సంతోషించాను. తర్వాత నిర్వచనం దగ్గరికి వెళ్తే, ద్విచక్ర వాహనాలూ, నాలుగు చక్రాల వాటిలో ఎం1 వర్గంవీ మాత్రమే అందులోకి వస్తాయి. ఎం1 అంటే ప్రయాణికుల కార్లు. సరుకు మోసిన బండికి చరిత్ర ఉండదన్నమాట. జమీందారు గారి కారుకు వారసత్వ హోదా ఉంది, కొండల మీదికి రేషన్ మోసిన లారీకి లేదు. నా బండికి ఇంకా 50 ఏళ్లు నిండలేదు. నిండినా ఆ తలుపు దానికి తెరుచుకోదు. ఈ నిర్వచనంలో సరుకు బండ్లను కూడా చేర్చాలన్నది ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న డిమాండు. మార్పులు చేయని బండికే హోదా అన్న షరతు వాటికీ పెడితే, డీజిల్ ఇంజన్ల బేరాలు సగం వాటంతటవే ఆగిపోతాయి.

అప్పటిదాకా రవాణా బండి కిందే ఏటేటా ఫిట్‌నెస్‌కు వెళ్లాలి. ఓసారి వచ్చిన బ్రేకు ఇన్‌స్పెక్టరు కుర్రాడు. తానే నడిపి చూస్తానని ఎక్కాడు. స్టార్టు చేశాడు, మొదటి గేరు వేయబోతే కర్రుమంది, మళ్లీ వేయబోతే మళ్లీ కర్రుమంది. దిగి తాళం నా చేతిలో పెట్టి, “మీరే నడపండి సార్, నేను పక్కన కూర్చుంటాను” అన్నాడు. బ్రేకు పరీక్ష అయ్యాక కాగితం మీద సంతకం చేస్తూ, గేరు అలా ఎలా వేశారో ఇంకోసారి చూపించమన్నాడు. చూపించాను.

విడిభాగాల సంగతి మాత్రం రోజురోజుకూ కష్టమవుతోంది. ఉప్పుగాలి చాసిస్‌ను తింటుంది కాబట్టి బీచ్ రోడ్డులో తిరిగి వచ్చిన ప్రతిసారీ అడుగుభాగం మంచినీళ్లతో కడగాలి, వానాకాలానికి ముందు కమాన్ కట్టల మధ్య గ్రీజు నింపాలి. అది చేత అయ్యే పని. గేర్‌బాక్సు లోపలివి అలా కాదు. కంపెనీ భాగాలు ఎక్కడా కొత్తవి దొరకవు, తుక్కు మార్కెట్లో దొరికే పెట్టెల్లో రింగులు నా వాటికన్నా అధ్వానంగా ఉంటాయి. ఆటోనగర్‌లో ఓ లేతు షాపు మేస్త్రి నా పాత రింగు ఒకటి చేతిలో తిప్పి చూసి, గాళ్ల మధ్య దూరం గోటితో కొలిచి, కంచులో కోసి ఇస్తానన్నాడు. నమూనాకు ఒక్కటి ముందు చేయమన్నాను.

ఇది విని మిత్రులు పట్టుకున్నారు: ఇన్నాళ్లూ డబుల్ క్లచ్ గొప్పదని చెప్పి ఇప్పుడు సింక్రో రింగులు చేయిస్తున్నావేమిటని. నా మాటలో వైరుధ్యం లేదు. పై గేర్లకు ఫ్యాక్టరీ రింగులు పెట్టింది కాబట్టి అవి తిరిగి పెడుతున్నాను. మొదటి గేరుకు పెట్టలేదు కాబట్టి దానికి పెట్టను. రింగులు వచ్చాక కూడా దిగుడుకు ముందు రెండోకి దించేటప్పుడు డబుల్ క్లచ్ కొట్టడం మానను, ఎందుకంటే కొట్టినంతకాలం ఆ కంచు అరగదు. మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేశాను, గేర్‌బాక్సు వచ్చే నెల దింపుతాం, బాబాయి కూడా వస్తానన్నాడు.